ట్యూబుపై తేలుతూ చేపలు పట్టడానికి దిగే ముందు

ఈ ట్యూబు అంటే మధ్యలో కూర్చుని, కాళ్లు నీళ్లలో ఉంచి తేలే గాలి సీటు. ముందురోజు రాత్రే దానిలో గాలి నింపి ఉంచండి. తెల్లారేసరికి మెత్తబడితే అతుకుల మీద, వాల్వు చుట్టూ సబ్బు నురుగు రాయండి. బుడగలు లేచిన చోటే చిల్లు.

కొనేటప్పుడు ముందువైపు తెరిచి ఉండే ‘యు’ ఆకారపు ట్యూబునే ఎంచుకోండి. గుండ్రటి దానిలోంచి ఆపదలో కాళ్లు బయటికి తీయడం చాలా కష్టం. గాలి అరలు కనీసం 2 ఉండాలి. అది మోయగల బరువు చూసేటప్పుడు సామానును కూడా లెక్కలో కలపండి.

ఈత వచ్చినా లైఫ్ జాకెట్ తప్పనిసరి. దయచేసి దీన్ని వాయిదా వేయకండి.

నీరు చొరని, ఛాతీదాకా ఉండే దుస్తులపై నడుము బెల్టు బిగించండి.

కాళ్లకు ఫిన్లు (నీళ్లను తోసే రెక్కల్లాంటి తొడుగులు) తొడిగాక వెనక్కి నడుస్తూనే నీళ్లలోకి దిగండి. ముందుకు నడిస్తే ఫిన్ల కొనలు మడతపడి బోర్లా పడతారు.

పారే నీటిలో, డ్యాము తూముల దగ్గర అసలు వద్దు.

ఈదురుగాలి మొదలైతే వెంటనే ఒడ్డుకు రండి.