కొండమీద ఇంటికి వసంతం నిజంగా వచ్చిందా? ఎలా పసిగట్టాలి, ముందు ఏ పని మొదలెట్టాలి

కొండమీద ఇల్లున్నవాళ్ళకి క్యాలెండర్ పెద్దగా పనికిరాదండీ. పైకి వెళ్ళేకొద్దీ ప్రతి 1000 మీటర్లకి సగటున 6.5 డిగ్రీలు చల్లబడుతుంది కదా, అందుకే కింద లోయలో వాళ్ళు పూలచెట్ల ఫొటోలు పెడుతుంటే మనం ఇంకా గుమ్మం ముందు పారతో మంచు ఎత్తిపోస్తుంటాం. హాప్కిన్స్ అని అమెరికాలో పురుగుల శాస్త్రవేత్త ఒకాయన 1918లో ఒక లెక్క చెప్పాడు, 400 అడుగులు ఎత్తు పెరిగితే వసంతం 4 రోజులు లేటు అని. అంటే లోయకంటే 2000 అడుగులు పైనుంటే ఓ 20 రోజులు ఆగాలన్నమాట. ఉజ్జాయింపు లెక్కే, కానీ కంగారు తగ్గుతుంది.

అసలు మోసం చేసేది ఆ మొదటి వెచ్చటి రోజు. స్వెట్టర్ తీసేసి ఎండలో నిలబడగానే ఇంక చలికాలం అయిపోయింది అనిపిస్తుంది, నాకూ అలాగే అనిపించి ఒకసారి నారంతా పట్టుకెళ్ళి నాటేశాను, నాలుగో రోజు పొద్దున చూస్తే ఆకులన్నీ ఉడకబెట్టినట్టు నల్లగా వేలాడుతున్నాయి. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి అంటారే, అదీ మన సంగతి. అప్పట్నుంచీ పగలు ఎంత ఎండ కాసినా పట్టించుకోను, రాత్రి ఎంతకి దిగిందో చూస్తాను. పగలూ రాత్రీ తేడా చూపించే మినిమమ్ మాక్సిమమ్ థర్మామీటర్ ఒకటి కొని ఎండ తగలని గోడకి మనిషెత్తులో పెట్టండి, ఇంక వేరే గాడ్జెట్లు ఏమీ అక్కర్లేదు.

నేను మొదట చూసేది చెట్ల మొదళ్ళు. చుట్టూ ఇంకా మోకాలెత్తు మంచు ఉండగానే కాండం చుట్టూ గిన్నెలాగా గుండ్రంగా కరిగిపోయి ఉంటుంది, ముదురు రంగు బెరడు ఎండని పీల్చుకుని ఆ వేడిని మంచుకి ఇస్తుంది కాబట్టి. వంగి చూస్తే ఆ గిన్నె అడుగున తడిసిన పాత ఆకులు, ఒక్కోసారి వాటిని పొడుచుకుని లేతాకుపచ్చ మొన ఒకటి. ఆ తర్వాత చూరు నుంచి చుక్కలు. మధ్యాహ్నం కారి సాయంత్రానికి గడ్డకడితే ఇంకా టైముంది, రాత్రి పడుకున్నాక కూడా టప్ టప్ వినిపిస్తే అప్పుడు నమ్మొచ్చు. గుంటల్లో కప్పలు మొదలెట్టాయంటే నేల చాలావరకు మెత్తబడిందనే.

వాగు సంగతి మాత్రం జాగ్రత్త. కరిగిన నీళ్ళు పైనుంచి మన దగ్గరకి చేరడానికి గంటలు పడుతుంది, అందుకని పొద్దున చీలమండ లోతులో దాటిన వాగు సాయంత్రానికి నడుం లోతు అయిపోవచ్చు. అవతలికి వెళ్ళాలంటే పొద్దున్నే వెళ్ళాలి, తిరిగి రావడానికి వంతెన దారి చూసుకునే వెళ్ళాలి. పొద్దున దాటాం కదా అని సాయంత్రం అదే చోట దిగొద్దు.

మంచు పోగానే తోటలోకి దిగి తవ్వెయ్యాలని చేతులు దురదపెడతాయి, వద్దు. గుప్పెడు మట్టి తీసి పిడికిలి బిగించి వదిలి బొటనవేలితో నొక్కండి, పొడిపొడిగా విడిపోతే పని మొదలెట్టొచ్చు, ముద్దలా మెరుస్తూ ఉంటే ఇంకో వారం ఆగండి. తడి నేలని తొక్కితే అణిగిపోయి ఎండాకాలం అంతా ఇటుకలాగా ఉంటుంది. బఠాణీ, పాలకూర లాంటివి మట్టి 5 డిగ్రీలున్నా నెమ్మదిగా మొలుస్తాయి, టమాటా మిరప అయితే 15 దాటేదాకా బయటికే తియ్యొద్దు. ఇంట్లో పెంచిన నారుని ముందు నీడలో గంట, మర్నాడు రెండు గంటలు, అలా ఓ 10 రోజులు బయటి గాలికి అలవాటు చెయ్యాలి.

ఇంకోటి, చల్లగాలి బరువెక్కువ, రాత్రిళ్ళు నీళ్ళలాగే వాలు మీద నుంచి కిందకి జారి పల్లంలో నిలబడుతుంది, అడ్డంగా గోడ కట్టి ఉంటే దాని వెనకాల మడుగు కట్టినట్టు ఆగిపోతుంది. అందుకే లేత మొక్కలకి వాలు మధ్య భాగం బెటర్, పల్లం కాదు. ఆకాశం మబ్బు లేకుండా నక్షత్రాలు మెరుస్తూ గాలి అస్సలు కదలకపోతే ఆ రాత్రి మొక్కల మీద పాత దుప్పటి కప్పెయ్యండి, చీకటి పడకముందే, నేలలో వేడి ఇంకా ఉండగానే. ప్లాస్టిక్ షీటు ఆకులకి తగిలితే తగిలినచోట మాడిపోతుంది, గుడ్డే మంచిది. పొద్దున ఎండెక్కగానే తీసెయ్యాలి.

ఇంటి పనుల్లో మొదటిది బయటి కొళాయి. మెల్లగా తిప్పండి, ధార సన్నగా వస్తూ లోపలివైపు గోడ చెమ్మగా కనిపిస్తే పైపు చలికి చీలిందని అర్థం, వెంటనే మెయిన్ వాల్వ్ కట్టెయ్యాలి. పైకప్పు గట్టర్లో ఆకులు తియ్యడం, మంచు ఎత్తేసిన కంచె గుంజల్ని మళ్ళీ దిగ్గొట్టడం, పొగగొట్టంలో మసి దులపడం ఇవన్నీ ఒక ఆదివారం పని. బావి నీళ్ళు తాగేవాళ్ళు మంచు కరిగే రోజుల్లో ఒకసారి టెస్ట్ చేయించుకోండి, పైనీళ్ళు లోపలికి దిగుతాయి.

మంచు పోయి కొత్త గడ్డి రాని ఆ మధ్య రోజులుంటాయి చూడండి, అంతా పచ్చబడుతున్నట్టే ఉంటుంది కానీ పాత గడ్డి కాగితంలాగా ఎండిపోయి ఉంటుంది, చెత్త తగలబెట్టడానికి అస్సలు మంచి టైం కాదు. పొయ్యిలో బూడిద కూడా చల్లారిందిలే అని తోటలో పొయ్యొద్దు, లోపల నిప్పు రోజుల తరబడి బతికే ఉంటుంది. మూత ఉన్న ఇనుప డబ్బాలో పోసి ఇంటికి దూరంగా పెట్టండి. ఎలుగుబంట్లున్న కొండలైతే పిట్టలకి వేసే గింజలు, వంటింటి చెత్త బయట వదలకండి, నెలలు పడుకుని లేచిన ఆకలి వాటిది. పిడుదులు 4 డిగ్రీలు దాటితే చాలు తిరగడం మొదలెడతాయి, గడ్డిలో నడిచొచ్చాక మోకాళ్ళ వెనక, చంకల్లో, జుట్టులో వెతుక్కోండి, పట్టుకుని ఉంటే చర్మానికి ఆనించి పట్టకారుతో నిటారుగా లాగెయ్యాలి, నిప్పు పెట్టడాలూ నూనె రాయడాలూ వద్దు.

చివరగా ఒక పుస్తకం పెట్టుకోండి. చూరు రాత్రంతా కారిన రోజు, మొదటి కప్ప, మొదటి మొగ్గ విచ్చిన రోజు, ఆఖరి ఫ్రాస్ట్ అంటే మొక్కల్ని మాడ్చే గడ్డకట్టే చలి పడ్డ ఆఖరి రాత్రి, అంతే, ఒక్కో లైను. ఇంగ్లండులో మార్షమ్ అనే ఆయన 1736లోనే ఇలా రాయడం మొదలుపెట్టాడు, జపాన్ క్యోటోలో చెర్రీ పూల తేదీలు 9వ శతాబ్దం నుంచీ దొరుకుతున్నాయి, మనకి అంత అవసరం లేదు, మూడు నాలుగేళ్ళ లైన్లు చాలు, మన వాలు ఏ వారంలో మెలకువవుతుందో తెలిసిపోతుంది. పుస్తకాన్ని కిటికీ పక్కన మేకుకి తగిలించి పెన్ను దారంతో కట్టెయ్యండి, నాకైతే పెన్ను వెతుక్కునేలోపు ఏం చూశానో మర్చిపోయిన రోజులే ఎక్కువ.