లాఫ్ట్ గదికి మెట్లు: తేడా ఎక్కడ వస్తుంది, ఎలా సరిచేయాలి, ఇల్లు అమ్మేటప్పుడు ఏం తేలుతుంది

ఇంగ్లండ్‌లో రెండంతస్తుల టెర్రస్ (వరుసగా గోడలు కలిసిన) ఇల్లో, సెమీ (ఒక పక్క గోడ కలిసిన) ఇల్లో కొన్న మనవాళ్లకు పిల్లలు పెరిగి, ఊరినుంచి అమ్మానాన్నలు వచ్చి ఆర్నెల్లు ఉండాల్సివస్తే చూపు లాఫ్ట్ (వాలు కప్పు కింది ఖాళీ చోటు) మీదికే పోతుంది. బిల్డర్‌తో మాటలన్నీ గది సైజు, కిటికీలు, బాత్రూమ్ చుట్టూ తిరుగుతాయి, మెట్ల సంగతి చివర్లో వస్తుంది. నిజానికి ముందు తేల్చాల్సింది మెట్లే. పైగది బెడ్‌రూమ్‌గా అమ్ముడవుతుందా, సామాన్ల అటకగా మిగిలిపోతుందా అన్నది చాలావరకు వాటి చేతుల్లోనే ఉంటుంది. కింది కొలతలు ఇంగ్లండ్ నిబంధనలవి. స్కాట్లండ్ లెక్కలు వేరు.

సమస్య: పై మెట్ల దగ్గర తల తగులుతోంది

కారణం: డ్రాయింగ్‌లో ఎత్తును రాఫ్టర్ల (కప్పును మోసే వాలు దూలాల) అడుగు వరకే కొలిచారు. ఆ తర్వాత వాటి కింద ఇన్సులేషన్ బోర్డు, ప్లాస్టర్‌బోర్డు పడ్డాయి. 60 నుంచి 90 మి.మీ. అక్కడే పోయింది. మెట్ల అంచులను కలిపే గీత నుంచి నిలువుగా 2 మీటర్లు ఉండాలన్నది మామూలు నియమం. లాఫ్ట్‌లో చోటు లేకపోతే మెట్ల వెడల్పు మధ్యలో 1.9 మీటర్లు, పక్కన 1.8 మీటర్లు ఉన్నా ఒప్పుకుంటారు. ఆ 1.8 వాలు కప్పు వైపుకే పనికొస్తుంది, నడినెత్తిన దూలం వస్తే చెల్లదు.

పరిష్కారం: మెట్లు పైకి తేలే చోటును ఇంటి కొప్పు వైపు జరపండి. 40 డిగ్రీల వాలు కప్పులో 300 మి.మీ. జరిపితే దాదాపు 250 మి.మీ. ఎత్తు కలిసొస్తుంది. జరపడానికి వీల్లేకపోతే మెట్ల మీదుగా చిన్న డార్మర్ (వాలు కప్పులోంచి బయటికి పెంచి కట్టే కిటికీ గూడు) కట్టాలి. కొద్దిపాటి లోటే అయితే రూఫ్ విండో (కప్పు వాలులోనే అమర్చే కిటికీ) గూడు కూడా గట్టెక్కిస్తుంది. పనంతా అయ్యాక ఇది సరిచేయడమంటే కప్పు మళ్లీ విప్పడమే. అందుకే మెట్లు ఆర్డర్ చేయకముందే, బోర్డుల మందం కూడా కలిపి, సైట్‌లో కొలవాలి.

సమస్య: మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉన్నాయి, పెద్దవాళ్లు ఎక్కలేకపోతున్నారు

కారణం: చోటు మిగల్చాలన్న ఆత్రంలో మెట్ల సంఖ్య తగ్గించారు. ఒక్కో మెట్టు ఎత్తు 220 మి.మీ. దాటకూడదు, పాదం మోపే లోతు 220కి తగ్గకూడదు, వాలు 42 డిగ్రీలు మించకూడదు. చాలామంది పొరబడేది ఇక్కడే. 220 ఎత్తుకు 220 లోతు పెడితే వాలు 45 డిగ్రీలవుతుంది, పాసవదు. మూడు షరతులూ ఒకేసారి కుదరాలి.

ఒక లెక్క చూడండి. కింది ల్యాండింగ్ నేల నుంచి లాఫ్ట్ నేల వరకు 2600 మి.మీ. అనుకుందాం. 12 ఎత్తులుగా పంచితే ఒక్కోటి 217 మి.మీ. వస్తుంది. వాలు 42 లోపు ఉండాలంటే లోతు 241 కావాలి. చివరి ఎత్తు ఎక్కితే లాఫ్ట్ నేలే కాబట్టి పాదం మోపే మెట్లు ఒకటి తక్కువ, 11 మెట్లకు మొత్తం పొడవు 2651 మి.మీ. అదే 13 ఎత్తులు చేస్తే ఒక్కోటి సరిగ్గా 200, లోతు 223, మొత్తం పొడవు 2676 మి.మీ. అంటే అదనంగా పట్టే చోటు 25 మి.మీ. మాత్రమే, మోకాళ్లకు మాత్రం ప్రతి అడుగులో తేడా తెలుస్తుంది. 12 చాలని బిల్డర్ అంటే ఈ లెక్క ముందుపెట్టండి. వాస్తు చూసేవాళ్లకు బేసి సంఖ్య కూడా కుదిరినట్టే.

ఆ పొడవు దొరక్కపోతే అడుగున మూడు మలుపు మెట్లు పెట్టి 90 డిగ్రీలు తిప్పవచ్చు. మలుపు మెట్టు సన్నటి కొస కనీసం 50 మి.మీ. ఉండాలి. అదీ కుదరనప్పుడే ఎడమకాలికి ఒకటి, కుడికాలికి ఒకటి అన్నట్టు చెక్కిన పాడిల్ మెట్లు. వాటిని ఒకే గదికి, కావాలంటే దానికి తోడు ఒక బాత్రూమ్‌కు మాత్రమే అనుమతిస్తారు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క టాయిలెట్ అక్కడే ఉండకూడదు. మెట్లు తిన్నగా ఉండాలి, రెండు వైపులా హ్యాండ్‌రెయిల్ తప్పనిసరి. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన కొనేవాళ్లు ఒప్పుకోరు. చంటిపిల్లల తల్లి వాటిని చూడగానే వెనుదిరుగుతుంది. గుండ్రంగా తిరిగే స్పైరల్ మెట్లదీ అదే కథ, పైగా డబుల్ బెడ్ పరుపు పైకెక్కదు. వెడల్పుకు ఇళ్లలో చట్టపరమైన కనీస కొలత లేదు. అయినా 700 మి.మీ.కి తగ్గించకండి, 800 దొరికితే వదలకండి.

సమస్య: గది పెరిగింది, ఇంటి ధర పెరగలేదు

కారణం: మెట్ల కోసం మొదటి అంతస్తులోని బుల్లి బెడ్‌రూమ్‌ను మింగేశారు. మూడు బెడ్‌రూమ్‌ల ఇల్లు అంత ఖర్చయ్యాక కూడా మూడు బెడ్‌రూమ్‌ల ఇల్లే.

పరిష్కారం: కొత్త మెట్లు పాత మెట్ల మీదుగానే ఎక్కాలి. వీధివైపు పెద్ద గదిలోంచి కొంత కోయాల్సివచ్చినా బుల్లి గదిని నిలబెట్టండి. పెద్ద గది అరమీటరు తగ్గితే అడిగేవాళ్లుండరు. లెక్కలో ఒక గది పోతే మాత్రం ప్రకటనలోనే తెలిసిపోతుంది. ఇంకో తప్పు, లాఫ్ట్ మెట్లను ఒక బెడ్‌రూమ్ లోపలినుంచి ఎక్కించడం. అప్పుడు ఆ బెడ్‌రూమ్ దారి అయిపోతుంది, మంటలు వస్తే తప్పించుకునే మార్గమూ చెడుతుంది.

సమస్య: మెట్లు బాగానే ఉన్నా బిల్డింగ్ కంట్రోల్ (కట్టడం నిబంధనల ప్రకారం ఉందో లేదో చూసే విభాగం) సర్టిఫికెట్ ఇవ్వడం లేదు

కారణం దాదాపు ఎప్పుడూ ఫైర్ భద్రతే. పై నేల బయటి నేలకు 4.5 మీటర్లు దాటి ఉంటే కిటికీలోంచి తప్పించుకోవచ్చన్న మాట చెల్లదు. లాఫ్ట్ గుమ్మం నుంచి వీధి తలుపు దాకా మెట్ల దారి మొత్తం 30 నిమిషాలు మంటను ఆపే గోడలతో మూసి ఉండాలి. దారిలోకి తెరుచుకునే గదుల తలుపులు ఫైర్ డోర్లు కావాలి. నిబంధన ఎఫ్‌డీ20 (20 నిమిషాలు మంటను ఆపే తలుపు) చాలంటుంది, షాపుల్లో దొరికేది ఎఫ్‌డీ30. అది 44 మి.మీ. మందం, పాత తలుపు సాధారణంగా 35. పాత చౌకట్టులోని ఆపుడు చెక్కను ఊడదీసి 9 మి.మీ. వెనక్కి జరపకపోతే తలుపు బయటికి పొడుచుకొస్తుంది. ప్రతి అంతస్తు ల్యాండింగ్‌లో కరెంటుతో నడిచే, బ్యాటరీ బ్యాకప్ ఉన్న స్మోక్ అలారాలు పెట్టాలి. ఒకటి మోగితే అన్నీ మోగేలా కలపాలి.

హాలు, లివింగ్ రూమ్ కలిపేసిన ఇల్లయితే గోడ మళ్లీ కట్టడం సూటి మార్గం. వద్దనుకుంటే స్ప్రింక్లర్ లేదా మిస్ట్ సిస్టమ్ (మంట మీద నీళ్లు, సన్నటి తుంపర చల్లే ఏర్పాటు), దానికి తోడు ఫైర్ పార్టిషన్. ఆ డిజైన్‌కు బిల్డింగ్ కంట్రోల్ సమ్మతి పని మొదలుకాకముందే తీసుకోవాలి.

సమస్య: మొదటి మెట్టో, చివరి మెట్టో తడబాటు పెడుతోంది

ఫినిష్ అయిన నేల నుంచి కాక జాయిస్ట్ (నేలను మోసే దూలం) పైనుంచి కొలిచారు. పైన 22 మి.మీ. చిప్‌బోర్డు పడి చివరి ఎత్తు పెరిగింది. అన్ని ఎత్తులూ ఒకటే ఉండాలి. ఆర్డర్‌కు ముందు రెండు నేలల ఫినిష్ మందం బిల్డర్‌తో రాయించుకోండి. ఈ ఒక్క కాగితం చాలు. రెయిలింగ్ ఎత్తు 900 మి.మీ., కమ్మీల మధ్య 100 మి.మీ. బంతి దూరకూడదు. ఇది టేపుతో మీరే చూసుకోవచ్చు.

సమస్య: అమ్మకం మధ్యలో ఆగిపోయింది

కారణం: కంప్లీషన్ సర్టిఫికెట్ (పని నిబంధనల ప్రకారం ముగిసిందని బిల్డింగ్ కంట్రోల్ ఇచ్చే కాగితం) లేదు. అమ్మేవాళ్లు నింపే టీఏ6 ఫారంలో ఇంటి మార్పులు, వాటి అనుమతుల గురించి అడుగుతారు. కాగితం లేకపోతే ఏజెంట్ దాన్ని బెడ్‌రూమ్ అనకుండా ‘లాఫ్ట్ రూమ్’ అని రాస్తాడు, కొనేవాళ్ల సొలిసిటర్ అక్కడే పట్టుకుంటాడు.

పరిష్కారం: ముందు పాత ఈమెయిళ్లు వెతకండి. సర్టిఫికెట్ వచ్చినా ఎక్కడో పడి ఉండవచ్చు. ప్రైవేట్ ఇన్‌స్పెక్టర్ ద్వారా చేయించి ఉంటే ఆ సంస్థను అడగండి. నిజంగానే లేకపోతే రెండు దారులు. కౌన్సిల్‌లో రెగ్యులరైజేషన్‌కు (అయిపోయిన పనికి ఆ తర్వాత ఆమోదం తీసుకోవడానికి) దరఖాస్తు చేయడం ఒకటి. 1985 నవంబర్ 11 తర్వాతి పనులకు ఇది వర్తిస్తుంది, కాకపోతే స్టీల్ దూలాలు చూడటానికి సీలింగ్ కొంత తెరవమంటారు. రెండోది ఇన్‌డెమ్నిటీ ఇన్సూరెన్స్. అది కౌన్సిల్ చర్య తీసుకుంటే వచ్చే నష్టానికే, మెట్లు సరైనవని చెప్పదు. మీరు అప్పటికే కౌన్సిల్‌కు ఫోన్ చేసి ఈ సంగతి అడిగి ఉంటే ఆ పాలసీ సాధారణంగా దొరకదు. కాబట్టి మొదటి ఫోన్ సొలిసిటర్‌కు చేయండి, కౌన్సిల్‌కు కాదు.