కొనేముందు బట్టను లోపలి వైపు తిప్పి చూడండి
తక్కువ బట్టలతోనే అన్ని సందర్భాలకూ సరిపెట్టుకోవాలంటే, కొత్తగా కొనే ప్రతి వస్త్రమూ మీ దగ్గర ఇప్పటికే ఉన్నవాటిలో కనీసం మూడింటితో జత కుదరాలన్న నియమం పెట్టుకోండి. నలుపు, ముదురు నీలం, బూడిద, గోధుమ వంటి రంగుల్లో రెండింటిని ఆధారంగా ఎంచుకుంటే ఇది తేలికవుతుంది.

అంతకంటే ముఖ్యమైనది కుట్టు. వస్త్రాన్ని లోపలి వైపు తిప్పితే, కుట్లు దగ్గర దగ్గరగా, సమంగా ఉన్నాయా, దారాలు ఊడకుండా అంచులను మడిచి కుట్టారా, ఒళ్లు వస్తే వదులు చేసుకోవడానికి లోపల కాస్త బట్ట మిగిల్చారా అన్నది అక్కడే తెలిసిపోతుంది. కుట్టుకు ఇరువైపులా పట్టుకుని మెల్లగా లాగినప్పుడు సందు కనిపిస్తే, రంగు ఎంత నచ్చినా దాన్ని వదిలేయడమే మేలని నా గట్టి అభిప్రాయం. నూలు, లినెన్ వస్త్రాలు మొదటి ఉతుకులో కొంత కుంచించుకుపోవచ్చు కనుక మరీ బిగుతుగా ఉన్నవి తీసుకోకండి.

ఇంటికి తెచ్చాక, రంగు బట్టలను చల్లటి నీటిలో తిరగేసి ఉతికి నీడన ఆరబెడితే రంగు చాలాకాలం నిలుస్తుంది. ఉన్ని స్వెటర్లను మాత్రం హ్యాంగరుకు తగిలిస్తే భుజాల దగ్గర సాగిపోతాయి కాబట్టి మడిచి పెట్టుకోండి.