గడియారం గాజుతో క్లాడ్ అద్దం: చెరువు కట్ట మీద బొమ్మలు వేసేవాళ్లకు

నల్లగొండ పక్కనున్న పానగల్ చెరువు కట్ట మీద కూర్చుని బొమ్మ వేయబోతే మొదటి టెన్షన్ ఏం గీయాలని కాదు, ఏం వదిలేయాలని. నీళ్లు, తాటిచెట్లు, కరెంటు స్తంభాలు, బర్రెలు, ఎండకు మెరిసే బండలు, అన్నీ ఒకేసారి కళ్లలో పడతాయి. 18వ శతాబ్దంలో ఇంగ్లండులో ప్రకృతి చూడ్డానికి తిరిగినవాళ్లకూ ఇదే తిప్పలు. అందుకే చాలామంది చిన్న నల్ల అద్దం ఒకటి వెంట పెట్టుకునేవారు. దాని పేరు క్లాడ్ అద్దం.

క్లాడ్ లొరేన్ రోములో స్థిరపడిన ఫ్రెంచి చిత్రకారుడు, 1682లో పోయాడు. ఆయన బొమ్మల్లో ఒక పక్క ముదురు చెట్టు, నడుమ నీళ్లు, దూరంగా బంగారు రంగు మసక ఉంటాయి. ఈ అద్దంలో ఏది చూసినా అలాగే కనిపిస్తుందని ఆ పేరు పెట్టారు. ఇంగ్లండు దొరలకు ఆ బొమ్మల పిచ్చి ఎంతదాకా పోయిందంటే, హెన్రీ హోర్ అనే బ్యాంకరు స్టౌర్‌హెడ్ అనే తన ఎస్టేటులో కట్ట వేయించి చెరువు నింపి, దాని చుట్టూ గుడులు కట్టించాడు. కట్ట, చెరువు, దగ్గర్లో గుడి మన పానగల్‌లో కందూరు చోడ రాజుల కాలం నుంచే ఉన్నాయి. కాకపోతే మనవాళ్లు చెరువు తవ్వింది పంటకు.

నేను నల్లగొండలో సైన్‌బోర్డులు రాసేవాణ్ణి. ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గి, ఆదివారాలు పిల్లలకు బొమ్మలు నేర్పుతున్నాను. గాజుకు వెనక నుంచి రంగు వేయడం మా పనిలో మామూలే కాబట్టి ఈ అద్దం చేయించడం నాకు సరదా.

పాత గోడ గడియారానికి ఉండే ఉబ్బు గాజు కావాలి. అరచేతిలో పట్టేంత ఉంటే చాలు. గడియారాలు బాగుచేసే కొట్లో అడిగితే దొరుకుతుంది. ప్లాస్టిక్ అంటగట్టకుండా చూసుకోండి, చెంపకు ఆనిస్తే గాజు చల్లగా తగులుతుంది. సబ్బుతో కడిగి, ఆరబెట్టి, ఇక లోపలివైపు వేలు పెట్టకండి. వేలి జిడ్డు ఉన్నచోట రంగు పట్టదు.

నల్ల ఎనామిల్ పెయింటు గాజు గుంటవైపు వేయాలి, ఉబ్బువైపు కాదు. పిల్లల్లో సగంమంది ఇక్కడే తికమక పడతారు. పల్చగా ఒక కోటు వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున గాజును వెలుతురుకు ఎత్తి చూస్తే సూదిమొనంత చుక్కలు మెరుస్తాయి. రెండో కోటు వాటి కోసమే. కుంచె గీతలు ముందు నుంచి కనపడవు, వాటి గురించి బెంగ వద్దు. అంచు కోసుకుంటుంది కాబట్టి కరెంటు పనికి వాడే నల్ల టేపు చుట్టండి.

ఇంట్లో అద్దం వెనక ఉండే పూత దాదాపు వెలుతురంతా తిప్పి పంపుతుంది. ఇక్కడ గాజు ముందు ముఖం మాత్రమే వందలో నాలుగు వంతుల వెలుతురును తిప్పుతుంది, మిగతాది నలుపు మింగేస్తుంది. దాంతో ఎండ తీవ్రత తగ్గి, ఆకులు విడివిడిగా కాక చెట్టు ఒకే ముద్దగా కనిపిస్తుంది. ఉబ్బు వల్ల చెరువంతా అరచేతిలోకి వస్తుంది. ఫోన్ కెమెరా నీడల్ని కూడా వెలిగించి చూపిస్తుంది, బొమ్మ నేర్చుకునేవాడికి అది చెడ్డ గురువు.

చూడాలంటే చెరువుకు వీపు పెట్టి నిలబడాలి. అద్దాన్ని భుజం ఎత్తులో కాస్త పక్కకు పట్టండి, లేకపోతే మీ తలే కనిపిస్తుంది. సూర్యుణ్ణి మాత్రం అందులో పట్టకండి, కళ్లకు ప్రమాదం. నడుస్తూ చూడొద్దు. కవి థామస్ గ్రే 1769లో కొండల మధ్య తిరుగుతూ, అద్దం చేతిలో ఉండగానే బురద దారిలో వెల్లకిలా పడ్డాడు. వేళ్ల కణుపులు దోక్కుపోయినా అక్కడే ఉండి సూర్యాస్తమయం చూశానని తనే రాసుకున్నాడు.

కట్ట మీద వింతగా చూసేవాళ్లు ఉంటారు. "గా చెరువు దిక్కు తిరిగి చూస్తే అయిపాయె గదా సారూ?" అని గొర్లకాపరి ఒకాయన అడిగాడు. అద్దం చేతికిచ్చాను. తన గొర్లను తనే చాలాసేపు చూసుకున్నాడు.

బొమ్మకు అగ్గిపెట్టె అంత గడి గీసి, మూడే ఛాయలు వేయండి. దగ్గరిది ముదురు, నీళ్లు మధ్యరకం, దూరపు గుట్ట లేత. అద్దంలో కనపడని వివరం కాగితం మీదకు రావద్దు. రోహిణి కార్తెలో సాయంత్రం అయిదింటికి కూడా ఛాయలు విడిపోవు, చలికాలం మేలు. రంగులు మాత్రం వెనక్కి తిరిగి కంటితో చూసి వేయండి, అద్దం అన్నిటినీ ముదురు చేస్తుంది.

అద్దంలో కుడి ఎడమలు తారుమారవుతాయి. గుడి ఉన్న బొమ్మ అయితే ఊరివాళ్లు వెంటనే పట్టేస్తారు. కాగితాన్ని కిటికీ గాజుకు తిరగేసి ఆనించి, వెలుతురులో కనిపించే గీతల మీదుగా వెనకవైపు దిద్దుకుంటే సరిపోతుంది.