విదేశంలో తొలి నెలలు: నూనె లేని వీగన్ సలాడ్ డ్రెస్సింగ్ ఇంట్లోనే చేసుకోవడం (నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వెళ్లేవారికి)

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు ప్రాంతాల నుంచి చదువు కోసమో ఉద్యోగం కోసమో అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా వెళ్లేవారికి, అక్కడున్న పిల్లల దగ్గర కొన్ని నెలలు గడపడానికి వెళ్లే తల్లిదండ్రులకు, మొదటి వారాల్లోనే పచ్చి ఆకుల గిన్నె ఎదురవుతుంది. ఆఫీసు క్యాంటీన్లోనూ యూనివర్సిటీ భోజనశాలలోనూ శాకాహారులకు తేలిగ్గా దొరికేది చాలాసార్లు అదే. ఉప్పు, పులుపు, కారం తగలనిదే ఆ ఆకులు మన నోటికి దిగవు కనుక, పక్కనే సీసాల్లో ఉండే డ్రెస్సింగును, అంటే ఆకుల మీద రుచికి పోసుకునే రసాన్ని, ధారాళంగా పోసుకోవడం అలవాటవుతుంది. నూనె, చక్కెర, పాలు, గుడ్డు ఎక్కువగా మన కడుపులోకి చేరేది ఆకులతో కాదు, ఆ సీసాతోనే. అందుకే డ్రెస్సింగును ఇంట్లో చేసుకోవడం కొత్తగా వెళ్లినవారు మొదట నేర్చుకోవలసిన పనుల్లో ఒకటని నేను గట్టిగా చెబుతాను. పచ్చిపులుసు కలపడం చూసి పెరిగిన మన జిల్లాల వారికి ఇందులో సగం పని ముందే తెలుసు.

ముందుగా అంగట్లో సీసా చదవడం గురించి చెప్పాలి. మన దేశంలో పొట్లం మీద పచ్చ చుక్క కనబడితే నిశ్చింతగా కొంటాము; అక్కడ ఆ చుక్క ఉండదు. పైగా మన శాకాహారంలో పాలు, పెరుగు, నెయ్యి, తేనె కలిసే ఉంటాయి, వీగన్ ఆహారంలో అవేవీ ఉండకూడదు. రాంచ్ అనే డ్రెస్సింగులో సాధారణంగా మజ్జిగ, గుడ్డు ఉంటాయి. సీజర్ డ్రెస్సింగులో గుడ్డు, చీజుతో పాటు ఆంకోవీ అనే చిన్న చేప కూడా ఉంటుంది. వూస్టర్‌షైర్ సాస్ అనే నల్లటి పుల్లని ద్రవం కలిపిన వాటిలోనూ ఆ చేప ఉండే అవకాశం ఎక్కువ. అమెరికాలో సీసా మీద నాన్ డెయిరీ అని రాసి ఉన్నా అందులో పాల నుంచి తీసిన కేసినేట్ ఉండవచ్చు కాబట్టి, ముందువైపు పెద్ద అక్షరాలను వదిలి వెనకవైపు చిన్న అక్షరాలను చదవాలి. అక్కడ పదార్థాలను బరువులో ఎక్కువున్నది ముందు వచ్చేలా వరుసగా రాస్తారు. మొదటి రెండు మూడు పేర్లలో నూనె ఉంటే ఆ సీసా సంగతి తెలిసిపోయినట్లే.

నూనె తీసేస్తే దాని పని ఎవరు చేస్తారన్నది అసలు ప్రశ్న. డ్రెస్సింగులో నూనె పులుపు ఘాటును తగ్గిస్తుంది, చిక్కదనం ఇస్తుంది, రసాన్ని ఆకుకు అంటుకునేలా చేస్తుంది. ఒక టేబుల్ స్పూన్ నూనెలో దాదాపు 14 గ్రాముల కొవ్వు, 120 క్యాలరీలు ఉంటాయి. ఈ పనులన్నీ నువ్వులు, వేరుశనగ గింజలు, జీడిపప్పు వంటివి మెత్తగా నూరితే చేసిపెడతాయి. నూనె లేని డ్రెస్సింగ్ అంటే కొవ్వు బొత్తిగా లేనిదని మాత్రం అనుకోకూడదు; గింజలో ఉన్న కొవ్వు పీచు, మాంసకృత్తులతో కలిసే వస్తుంది. అది కొంత ఉండటమే మంచిది కూడా, ఎందుకంటే ఆకుకూరల్లోని విటమిన్ ఇ, విటమిన్ కె, క్యారెట్‌లోని కెరోటిన్ శరీరానికి బాగా అందాలంటే భోజనంలో కాస్త కొవ్వు ఉండాలి.

నేను అందరికీ మొదట చెప్పేది నువ్వుల డ్రెస్సింగ్. పొట్టు తీసిన తెల్ల నువ్వుల ముద్దను అక్కడ తాహినీ పేరుతో సూపర్ మార్కెట్లలోనూ అరబ్బు అంగళ్లలోనూ అమ్ముతారు. పదార్థాల వరుసలో నువ్వులు తప్ప మరేమీ లేని సీసాను ఎంచుకోవాలి. మూత తీయగానే పైన తేలే నూనె నువ్వుల్లోనిదే కనుక, దాన్ని పారబోయకుండా అడుగు వరకు గరిటెతో కలపాలి. నలుగురికి సరిపడా డ్రెస్సింగుకు మూడు టేబుల్ స్పూన్ల తాహినీ, రెండు టేబుల్ స్పూన్ల నిమ్మరసం, అర టీస్పూన్ ఉప్పు, మెత్తగా నూరిన ఒక చిన్న తెల్లగడ్డ రెబ్బ, కొద్దిగా మిరియాల పొడి, ఇష్టమైతే అర టీస్పూన్ బెల్లం తురుము తీసుకోవాలి. గిన్నెలో తాహినీ, నిమ్మరసం వేసి కలపగానే అది పలచబడకపోగా గట్టిపడి ముద్ద కడుతుంది. కొత్తవారు పాడైపోయిందనుకుని పారేసేది ఇక్కడే. నువ్వుల్లోని మాంసకృత్తులు, పిండిపదార్థాలు ముందు ఆ కాస్త తడిని పీల్చుకుని బిగుసుకుంటాయి. ఇంకా నీళ్లు అందితే విడిపోతాయి. కాబట్టి కంగారు పడకుండా చల్లటి నీళ్లను ఒక్కొక్క చెంచా చొప్పున పోస్తూ కలుపుతూ ఉంటే నాలుగైదు చెంచాలు పడేసరికి రంగు తెల్లబడి, పలచని దోసెపిండిలా గరిటె నుంచి జారుతుంది. ఉప్పు, తెల్లగడ్డ, మిరియాలు ఆ తర్వాతే వేసి, చెంచాతో కాకుండా ఒక ఆకును అందులో ముంచి రుచి చూడాలి, ఎందుకంటే ఉత్తగా నాకితే ఉప్పగా తోచినది ఆకుతో కలిస్తే సరిపోతుంది.

నిమ్మ విషయంలో ఒక జాగ్రత్త అవసరం. గూడూరు, పొదలకూరు మార్కెట్ల నుంచి మన ఇళ్లకు వచ్చే పలచటి తోలు చిన్న నిమ్మకాయ అక్కడి సూపర్ మార్కెట్లో అన్నిచోట్లా దొరకదు. పసుపు రంగులో పెద్దగా ఉండే లెమన్, గింజలు లేని ఆకుపచ్చ లైమ్ అనే రెండూ కనబడతాయి. మన నిమ్మ వాసనకు దగ్గరగా ఉండేది లైమ్. ఒక కాయకు సుమారు రెండు టేబుల్ స్పూన్ల రసం వస్తుంది. సీసాలో అమ్మే నిమ్మరసంతో పులుపు వస్తుంది కానీ వాసన రాదు.

రెండోది మన పచ్చిపులుసు దారిలో నడుస్తుంది. రెండు టేబుల్ స్పూన్ల వేరుశనగ గింజలను సన్నటి సెగ మీద నూనె లేకుండా వేయించి, పొట్టు ఊది, కాస్త వేయించిన జీలకర్రతో మెత్తగా పొడి చేసుకోవాలి. చిన్న ఉసిరికాయంత చింతపండును అరకప్పు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి పిసికి తీసిన పులుసులో ఆ పొడి, ఉప్పు, కొద్దిగా బెల్లం, సన్నగా తరిగిన ఎర్రగడ్డ, పచ్చిమిర్చి వేసి కలిపితే చాలు. తాలింపు పెట్టకపోవడం ఇక్కడ లోటుగా అనిపించదు, వేయించిన జీలకర్ర ఆ వాసనను చాలావరకు భర్తీ చేస్తుంది. లెట్యూస్ వంటి లేత ఆకుకన్నా సన్నగా తరిగిన క్యాబేజీ, క్యారెట్, కీరదోసకాయ ముక్కలకు ఇది బాగా కుదురుతుంది. అక్కడ సీసాలో దొరికే నల్లటి చింతపండు గుజ్జు చాలా ఘాటుగా ఉంటుంది. ఒక టీస్పూనుతో మొదలుపెట్టి రుచి చూసి పెంచాలి. గింజలు వేయించే ఓపిక లేనప్పుడు పీనట్ బటర్ వాడవచ్చు, అయితే దానిలో వేరుశనగలు, ఉప్పు మాత్రమే ఉండాలి. చాలా రకాల్లో పామాయిలు, చక్కెర కలుపుతారు.

గింజల కొవ్వు కూడా తగ్గించుకోవాలనుకునేవారికి శనగలు ఉన్నాయి. ప్రకాశం జిల్లా నల్లరేగడిలో పండే కాబూలీ శనగల వంటివే అక్కడ ఉడికించి డబ్బాల్లో అమ్ముతారు. డబ్బాలోని చిక్కటి నీళ్లను పారబోయకుండా మూడు చెంచాల నీళ్లకు గుప్పెడు శనగలు, ఒక చెంచా ఆవాల ముద్ద, ఒక చెంచా వెనిగర్ చేర్చి మిక్సీ పడితే నునుపైన డ్రెస్సింగ్ వస్తుంది. డబ్బా నీళ్లలో చాలాసార్లు ఉప్పు ముందే ఉంటుంది కనుక రుచి చూశాకే ఉప్పు వేయాలి. రక్తపోటు ఉన్న పెద్దలకు ఏ రకం చేసినా ఉప్పు సగానికి తగ్గించి, నిమ్మరసం, జీలకర్ర కాస్త పెంచడం మేలు.

వంటింటి సంగతులు కొన్ని. ఇక్కడి మిక్సీ 230 వోల్టులకు తయారైనది; అమెరికాలో కరెంటు 120 వోల్టులు కాబట్టి దాన్ని మోసుకెళ్లడం వృథా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో అయితే ప్లగ్గు మార్చుకుంటే పనిచేస్తుంది. టేబుల్ స్పూన్ అంటే అమెరికా, బ్రిటన్‌లలో 15 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో 20. ఈ తేడా ఉప్పు దగ్గర, పులుపు దగ్గర బాగా తెలుస్తుంది. గింజలు వేయించేటప్పుడు కిటికీ తెరిచి, పొగ తీసే ఫ్యాను వేయాలి. అక్కడి ఇళ్లలో పొగ అలారం చాలా తొందరగా మోగుతుంది. మిక్సీ లేకపోయినా తాహినీ డ్రెస్సింగును మూత గట్టిగా పట్టే గాజు సీసాలో పోసి కుదిపితే కలిసిపోతుంది.

ఆకులను కడిగిన తర్వాత శుభ్రమైన బట్టలో అద్ది పూర్తిగా ఆరబెట్టడం తప్పనిసరి. నూనె లేని డ్రెస్సింగ్ నీళ్లతో చేసినదే కనుక తడి ఆకు మీద అది ఇంకా పలచబడి గిన్నె అడుగుకు చేరుతుంది. పులుపు, ఉప్పు తగిలిన లేత ఆకు కొద్దిసేపటికే వాడిపోతుంది కాబట్టి మధ్యాహ్న భోజనానికి తీసుకెళ్లేటప్పుడు డ్రెస్సింగును వేరే చిన్న డబ్బాలో పెట్టుకుని తినే ముందు కలుపుకోవాలి. కేల్, క్యాబేజీ వంటి మందపాటి ఆకులకు మాత్రం అరగంట ముందు కలిపి చేత్తో పిసికితేనే రుచి. మిగిలినదాన్ని మూతపెట్టి 4 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు తక్కువ చల్లదనంలో ఉంచి మూడు నాలుగు రోజుల్లో వాడేయాలి. ఫ్రిజ్‌లో అది గట్టిపడితే ఒక చెంచా నీళ్లు పోసి కలపవచ్చు.

ఒకే వంటిల్లు నలుగురు వాడుకునే చోట నువ్వులు, వేరుశనగలు తెచ్చే ముందు తోటివారిని అడగాలి. ఈ గింజల ఎలర్జీ కొందరికి ప్రాణాంతకం. నువ్వులను అమెరికా చట్టం 2023 జనవరి 1 నుంచి తొమ్మిదో ప్రధాన ఎలర్జీ పదార్థంగా చేర్చింది, బ్రిటన్‌లో తప్పక తెలియజేయవలసిన 14 పదార్థాల్లో నువ్వులూ వేరుశనగలూ రెండూ ఉన్నాయి. మిక్సీ గిన్నెను, చెంచాను వాడిన వెంటనే సబ్బుతో కడగడం, డబ్బా మీద లోపల ఏముందో రాసి అంటించడం అక్కడ కనీస మర్యాద. ఇంటి నుంచి నువ్వుల పొడి, పల్లీల పొడి పట్టుకెళ్లేవారు ఆస్ట్రేలియా, అమెరికా విమానాశ్రయాల్లో ఆహారం తెచ్చినట్లు అధికారులకు తప్పక తెలియజేయాలి. తెలియజేయకపోతే జరిమానా పడవచ్చు.

ప్రయాణానికి ముందు ఇంటి దగ్గరే ఈ మూడింటిలో ఒకటి చేసి చూడమని నా సలహా. తాహినీ దొరకకపోతే తెల్ల నువ్వులను రంగు మారకుండా, వాసన వచ్చేవరకు మాత్రమే వేయించి, మిక్సీలో ఆపి ఆపి తిప్పుతూ అంచులకు అంటినదాన్ని దించుతూ పోతే వాటి నూనె అవే వదిలి ముద్ద అవుతాయి. నువ్వులు ఎర్రబడితే చేదు వస్తుంది, ఆ చేదును బెల్లం కప్పలేదు.