ఇంట్లోనే చదరంగం – 9వ పాఠం: దాచుకున్న ఎత్తు

రాజులిద్దరూ నడుమ ఒక్క గడి ఎడంతో ఎదురెదురుగా నిలిచినప్పుడు, ఎత్తు వేయవలసిన వంతు ఎవరిదో వారే పక్కకు తొలగవలసి వస్తుందని, దీనినే ఆపోజిషన్ అంటారని గత పాఠంలో చెప్పుకున్నాం. ఆ సూత్రం గెలుపును ఎలా తెచ్చిపెడుతుందో కర్నూలులో ఒక రేటింగ్ టోర్నమెంటులో నేను దగ్గరుండి చూసిన ఆటతో ఈసారి నేర్చుకుందాం.

తెల్లపావులతో ఆడినది ఆదోని నుంచి వచ్చిన బడిపిల్లవాడు, రేటింగు 1520. ఎదుట కూర్చున్న పెద్దాయనది 1720. ఆటగాళ్ల బలాన్ని అంకెల్లో కొలిచే ఎలో లెక్క ప్రకారం రేటింగులో 200 పాయింట్ల తేడా ఉన్నప్పుడు తక్కువ రేటింగు ఆటగాడి నుంచి ఆశించేది, గెలుపుకు ఒకటి, డ్రాకు అర చొప్పున, వంద ఆటలకు సుమారు 24 పాయింట్లే.

చివరికి చెరొక ఏనుగు, అబ్బాయికి అదనంగా ఇ2లో (ఇ నిలువువరుసలో రెండో గడి) ఒక బంటు మిగిలాయి. ఏనుగులు మారిపోతే ఆట డ్రా అవుతుందన్న నమ్మకంతో పెద్దాయనే మార్పిడికి సిద్ధపడ్డారు. అబ్బాయి రెండు అరచేతులనూ తొడల కింద పెట్టుకుని, బోర్డు వైపు చాలాసేపు చూసి, ఆ తరువాతే ఏనుగును కొట్టాడు. మార్పిడి ముగిసేసరికి తెల్లరాజు ఇ4లో, నల్లరాజు ఇ6లో ఉన్నారు, వంతు తెల్లది.

బోర్డు మీద ఈ స్థితిని పేర్చుకోండి. బంటు అప్పటికే ఇ3కి వచ్చి ఉంటే తెల్లకు రాజును కదపడం తప్ప మార్గం లేదు. తెల్లరాజు డి4కు వెళితే నల్లరాజు డి6కు, ఎఫ్4కు వెళితే ఎఫ్6కు వచ్చి అడ్డుకుంటాడు, ఆట డ్రా. కానీ అబ్బాయి అంతకుముందు ఎన్ని అవకాశాలు వచ్చినా ఆ బంటును తాకలేదు. ఇప్పుడు దానిని ఒక్క గడి జరిపి ఇ3లో పెట్టగానే వంతు నల్లకు మారింది. నల్లరాజు డి6కు తొలగితే తెల్లరాజు ఎఫ్5కు, ఎఫ్6కు తొలగితే డి5కు చొచ్చుకుపోతాడు. బంటు కంటే ముందు రాజు నడవడమే ఇక్కడ ప్రాణం. తొందరపడి బంటును ముందుకు తోసే అలవాటును మాత్రం దయచేసి ఇప్పుడే మానుకోండి.

పద్దెనిమిదేళ్ల లోపువారికి, రేటింగు 2300 దాటనంతవరకు, అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే రేటింగు మార్పును లెక్కించడానికి 40 గుణకం వాడుతుంది కనుక ఆ ఒక్క గెలుపుతో అబ్బాయికి సుమారు 30 రేటింగు పాయింట్లు వచ్చాయి.

అభ్యాసం: ఇదే స్థితిని ఎ నిలువువరుసలో పేర్చండి: తెల్లరాజు ఎ4, బంటు ఎ2, నల్లరాజు ఎ6, వంతు తెల్లది. బంటును ఎ3కి జరిపినా ఈసారి గెలుపు రాదు. నల్లరాజు ఏ మూలకు చేరుకుంటాడో కనిపెట్టి రాసుకోండి. 10వ పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.