ఎంజీబీ హెడ్‌లైట్లు: ముందు కరెంటు అందనివ్వండి, తర్వాతే కొత్త లైట్లు

పాత ఎంజీబీ (బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఉన్నవాళ్లు రాత్రి డ్రైవింగ్ గురించి చెప్పే మాట దాదాపు ఒకటే, లైట్లు వేసినా రోడ్డు సరిగ్గా కనపడదని. ఆ మాట అన్నాక చాలామంది నేరుగా ఎల్ఈడీ బల్బులు కొనేస్తారు. ఒక్క నిమిషం ఆగండి, వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ తీయండి.

నేను చెప్పేది 1962 నుంచి 1974 దాకా ఇంగ్లండ్‌లోని అబింగ్డన్ ఫ్యాక్టరీలో తయారైన క్రోమ్ బంపర్ కార్ల గురించి. వీటిలో హెడ్‌లైట్లకు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్) లేదు, ఫ్యూజు కూడా లేదు. సీట్ల వెనకున్న రెండు 6 వోల్టుల బ్యాటరీల నుంచి కరెంటు స్టార్టర్ సోలినాయిడ్ (స్టార్టర్ మోటారుకు కరెంటు ఇచ్చే స్విచ్) దాకా వచ్చి, అక్కణ్ణుంచి డాష్‌బోర్డు స్విచ్‌లోకి, దాన్నుంచి డిప్ స్విచ్‌లోకి (లైటు వెలుగును కిందికీ పైకీ మార్చేది), మళ్లీ కారు ముందు భాగానికి, బుల్లెట్ కనెక్టర్ల (వైర్లను కలిపే చిన్న జాయింట్ల) గుండా లైట్లకు చేరాలి. యాభై ఏళ్ల నాటి స్విచ్‌లు, నలుపెక్కిన జాయింట్లు, సన్నటి వైరు. ప్రతి చోటా కొంచెం కొంచెం వోల్టేజీ పోతుంది. బల్బుకు 10 శాతం వోల్టేజీ తగ్గితే వెలుతురు దాదాపు 30 శాతం తగ్గుతుంది, అందుకే ఇది చిన్న విషయం కాదు.

ఇంజిన్ ఆన్‌లో పెట్టి, డిప్ లైట్లు వేసి, మీటర్ ఒక కొస సోలినాయిడ్ లావు కేబుల్ దగ్గర, రెండో కొస హెడ్‌లైట్ వెనక నీలం-ఎరుపు వైరు దగ్గర పెట్టండి (డిప్‌కు నీలం-ఎరుపు, హై బీమ్‌కు నీలం-తెలుపు, ఎర్త్‌కు, అంటే కారు బాడీకి కలిపే వైరుకు, నలుపు). ఎంత చూపిస్తే అంత దారిలో పోతున్నట్టు. తర్వాత నలుపు వైరుకీ ఇంజిన్ బాడీకీ మధ్య కూడా చూడండి, అక్కడ 0.2 వోల్టులు దాటితే ఎర్త్ బాగాలేదు. చాలా కార్లలో ఈ ఎర్త్ జాయింట్లు విప్పి, ఎమెరీ పేపర్‌తో రుద్ది, గ్రీజు రాసి బిగిస్తేనే తేడా కనిపిస్తుంది.

ఇప్పుడు రిలేలు. డిప్‌కు ఒకటి, హై బీమ్‌కు ఒకటి. రిలే మీద నంబర్లు ఉంటాయి: 86కి పాత నీలం-ఎరుపు వైరు, 85కి ఎర్త్, 30కి సోలినాయిడ్ నుంచి ఫ్యూజు పెట్టి తెచ్చిన కొత్త వైరు, 87 నుంచి లైట్లకు. హై బీమ్ రిలేకు 86 దగ్గర నీలం-తెలుపు, మిగతాదంతా ఇలాగే. కొత్త వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గకుండా తీసుకోండి, ఫ్యూజు మాత్రం సోలినాయిడ్‌కు వీలైనంత దగ్గర్లో ఉండాలి. రెండు లైట్లకూ కలిపి ఆ ఒక్క ఫ్యూజుతోనే సరిపెట్టొద్దు. చీకట్లో మలుపు తిరుగుతుండగా ఆ ఒక్క ఫ్యూజు పోతే రెండు కళ్లూ ఒకేసారి మూతపడతాయి, కాబట్టి ఎడమకీ కుడికీ 87 తర్వాత వేరువేరుగా 10 ఆంపియర్ల ఫ్యూజులు పెట్టండి. ఇలా చేశాక పాత స్విచ్ మీద పడేది రిలేను లాగే చిన్న కరెంటు మాత్రమే, దాని ఆయుష్షు కూడా పెరుగుతుంది. పాత వైరింగ్ ఒక్కటి కూడా కత్తిరించక్కర్లేదు, కావాలంటే రేపు మళ్లీ ఒరిజినల్‌గా పెట్టుకోవచ్చు. పాత కారు మీద ఏ పని చేసినా ఇలా వెనక్కి తిప్పుకోగలిగేలా చేయడమే నాకు సరైన పద్ధతి అనిపిస్తుంది.

1967కి ముందు కార్లలో పాజిటివ్ ఎర్త్ ఉంటుంది, అంటే బ్యాటరీ ప్లస్ కొస బాడీకి కలిపి ఉంటుంది. మామూలు హాలోజన్ బల్బుకు దాంతో ఇబ్బంది లేదు, కానీ లోపల డయోడ్ ఉన్న రిలే గానీ ఎల్ఈడీ బల్బు గానీ చూడకుండా కలిపితే పాడైపోతాయి. ఆ కార్లలో ఉండేది డైనమో, అది గట్టిగా ఇస్తే 22 ఆంపియర్లు, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అదీ ఇవ్వదు. రెండు 60 వాట్ల బల్బులకే దాదాపు 10 పోతుంది. అందుకే 100/90 వాట్ల బల్బుల జోలికి వెళ్లొద్దు, 60/55 (హై బీమ్‌కు 60, డిప్‌కు 55) చాలు.

ఇక లైటు. 7 అంగుళాల గుండ్రటి సీల్డ్ బీమ్ (గాజు, రిఫ్లెక్టర్, ఫిలమెంట్ అన్నీ ఒకే ముక్కగా ఉండేది) తీసేసి, అదే సైజు హెచ్4 యూనిట్ (బల్బు విడిగా మార్చుకునేది) పెట్టడమే. మన అంబాసిడర్‌లో ఉండేదీ ఇదే సైజు. కొనేటప్పుడు గాజు మీద గుర్తు చూడండి: ఎడమవైపు నడిపే దేశాలకు తయారైన దానిమీద, లైటుకు ఎదురుగా నిలబడి చూస్తే, కుడివైపుకు బాణం ఉంటుంది. ఏ బాణమూ లేని యూరప్ యూనిట్ కుడివైపు నడిపే దేశాలది, దాన్ని ఇంగ్లండ్‌లోనో ఇండియాలోనో పెడితే ఎదుటివాడి కళ్లలోకి కొడుతుంది.

క్రోమ్ రింగును కింది నుంచి స్క్రూడ్రైవర్‌తో మెల్లగా ఎత్తండి, పెయింట్ గీసుకుపోకుండా మధ్యలో గుడ్డ పెట్టండి. లోపలి రింగుకు మూడు చిన్న స్క్రూలు ఉంటాయి, అవి విప్పితే లైటు చేతిలోకి వస్తుంది. పైనా పక్కనా ఉండే రెండు స్క్రూలు అడ్జస్ట్‌మెంట్‌వి, వాటిని కదపొద్దు. లైటు తీశాక వెనకున్న డొప్ప తుప్పు పట్టిందేమో చూడండి, చక్రం ఎగజిమ్మే బురద చేరేది అక్కడికే. సీల్డ్ బీమ్ లోపలికి తడి వెళ్లదు, హెచ్4 యూనిట్‌లోకి వెనకనుంచి వెళ్తుంది, కాబట్టి వెనక రబ్బరు బూటు (తొడుగు) తప్పకుండా తొడగాలి, లేకపోతే కొన్నాళ్లకు రిఫ్లెక్టర్ మసకబారిపోతుంది. బల్బు గాజును వేలితో ముట్టుకోవద్దు.

ఎల్ఈడీ బల్బు సంగతి అడుగుతారు. హెచ్4 రిఫ్లెక్టర్ లెక్కంతా ఫిలమెంట్ ఉండే చోటును బట్టి గీసింది. ఎల్ఈడీ చిప్ ఆ చోట కచ్చితంగా కూర్చోకపోతే కారు ముందు తెల్లగా మెరుస్తుంది గానీ దూరం పోదు, ఎదురొచ్చేవాళ్లకు గ్లేర్. పైగా మీ దేశంలో చట్టం ఒప్పుకుంటుందో లేదో, ఇన్సూరెన్స్ వాళ్లు ఏమంటారో ముందే కనుక్కోవాలి. నేనైతే హాలోజనే పెట్టమంటాను.

చివరిగా బీమ్ సెట్టింగ్. టైర్లలో గాలి సరిచూసి, డ్రైవర్ సీట్లో ఒకరిని కూర్చోబెట్టి, చదునైన నేల మీద గోడకు 5 మీటర్ల దూరంలో కారు ఆపండి. లైటు మధ్య బిందువు ఎత్తును గోడ మీద టేపుతో గుర్తు పెట్టి, డిప్ బీమ్ పై అంచు దానికి 5 సెంటీమీటర్ల కింద పడేలా పై స్క్రూ తిప్పండి, పక్క స్క్రూతో అడ్డంగా సరిచేయండి. ఒక లైటు సెట్ చేసేటప్పుడు రెండోదాని మీద గుడ్డ కప్పితే గందరగోళం ఉండదు. అదయ్యాక మళ్లీ మీటర్ పెట్టి, సోలినాయిడ్‌కూ లైటుకూ మధ్య పోతున్నది అర వోల్టుకు లోపే ఉందని చూసుకుని, అప్పుడు రింగు బిగించండి.